యూజే క్రాస్ మార్చే సీ-ప్రెస్: కొన్నేళ్ల వాడకం తర్వాత

గేర్‌బాక్స్ తిప్పుడుని ఇరుసుకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో, వంగుతూ తిరిగే కీలే యూనివర్సల్ జాయింట్ (యూజే). దాని నడుమ ప్లస్ గుర్తులా నాలుగు కాళ్లతో ఉండే ముక్క క్రాస్. ఒక్కో కాలికి ఒక బేరింగ్ కప్పు, ఆ కప్పులు రెండు చెవుల యోక్‌లలో కూర్చుంటాయి. సుత్తి, రెండు సాకెట్లతో ఈ క్రాస్ మార్చేసేవాళ్లకి, సీ ఆకారపు ఫ్రేమ్‌లో స్క్రూ తిప్పి కప్పుల్ని నెట్టే సీ-ప్రెస్ దండగ ఖర్చులాగే కనిపిస్తుంది. పాత క్రాస్ తీసేంతవరకు వాళ్ల మాటా నిజమే. కొత్తది ఎక్కించేటప్పుడే దీని విలువ తెలుస్తుంది.

నా దగ్గరున్నది బాల్ జాయింట్లకీ (ముందు చక్రాల దగ్గరుండే గుండ్రటి కీళ్లు) యూజే క్రాస్‌లకీ కలిపి అమ్మే రకం. బరువైన ఫోర్జింగ్ ఫ్రేమ్, ఒక వైపు లావుపాటి స్క్రూ, ఎదురుగా కప్పు దిగడానికి బోలు గొట్టం. సర్‌క్లిప్‌లు (కప్పు జారకుండా గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగులు) తీసి స్క్రూ తిప్పితే, ఈ వైపు కప్పు లోపలికి వెళ్తూ ఎదుటిదాన్ని గొట్టంలోకి నెడుతుంది. అయితే పూర్తిగా రాదు, క్రాస్ వెళ్లి యోక్‌కి తగిలి ఆగుతుంది. బయటికొచ్చిన అంచును వైస్‌లో పట్టుకుని లాగాల్సిందే. తుప్పు బాగా పట్టినప్పుడు స్క్రూ బిగించి ఉంచి యోక్ చెవి పక్కన సుత్తితో ఒక్కటి వేస్తే, టక్‌మని వదులుతుంది. సర్‌క్లిప్ బదులు ప్లాస్టిక్ నింపిన షాఫ్టులుంటాయి. వాటిని ముందు వేడిచేసి ఆ ప్లాస్టిక్ కరిగించాలి. ఊరికే బిగిస్తే ఏ ప్రెస్సూ బతకదు.

ఇక ఎక్కించడం. కప్పులో నీడిల్స్ (సూదుల్లాంటి సన్నటి రోలర్లు) గ్రీజు పట్టుతోనే నిలబడి ఉంటాయి. సుత్తి దెబ్బకి ఒక్కటి జారి కప్పు అడుగున పడుకుంటే చాలు, కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్ గాడి తెరుచుకోదు. అది తెలియక ఇంకా గట్టిగా కొడితే క్రాస్ పాడవుతుంది. ప్రెస్‌లో అయితే స్పానర్ పట్టుకున్న చెయ్యే చెప్తుంది: ఒకే బరువుతో తిరుగుతున్న స్క్రూ గాడి కనబడకముందే రాయిలా బిగుసుకుందంటే, వెనక్కి తిప్పి కప్పు విప్పి చూడాలి. అందుకే దీనికి ఇంపాక్ట్ గన్ పెట్టను. పెట్టామంటే ఆ కబురు చేతిదాకా రాదు, మర కూడా త్వరగా అరుగుతుంది. రెండు కప్పులూ దిగేటప్పుడు క్రాస్ కాళ్లను వాటిలోకి కాస్త దూర్చి ఉంచితే నీడిల్స్ జారవు. చివర్లో జాయింట్ బిగుతుగా తిరిగితే యోక్ చెవుల మీద రాగి సుత్తితో తట్టాలి. ఈ ఒక్క పనికి సుత్తి ఇంకా కావాలి.

లోపాలు లేకపోలేదు. కిట్‌లో వచ్చే అడాప్టర్లు బాల్ జాయింట్ల కొలతకి చేసినవి. 27 మి.మీ. కప్పుని గాడి దాటేదాకా నెట్టాలంటే, అంతకంటే కాస్త సన్నటి సాకెట్ మనమే వెతుక్కోవాలి. స్క్రూ మూతి ఏళ్ల వాడకంలో పుట్టగొడుగులా విచ్చుకుంది, అప్పుడప్పుడు ఫైల్‌తో రాసి సరిచేస్తున్నాను. మరకి గ్రీజు పెట్టకపోతే కీచుమంటుంది. బండి కింద పడుకుని వాడదామంటే ఫ్రేమ్‌కొకటి, అడాప్టర్‌కొకటి, స్పానర్‌కొకటి, మూడు చేతులు కావాలి. షాఫ్ట్ దించి బల్ల మీద చేసుకోవడమే సుఖం. దించేముందు రెండు వైపులా గుర్తులు పెట్టుకోండి. స్ప్లైన్ (షాఫ్ట్ ముక్కలు ఒకదాన్లో ఒకటి దూరే పళ్ల గాళ్లు) ఒక పన్ను మారినా యోక్‌ల వరస తప్పి బండి వణుకుతుంది.

పెద్ద లారీ షాఫ్టులకి ఈ ఫ్రేమ్ నోరు చాలదు, వాటికి పుల్లరో హైడ్రాలిక్ ప్రెస్సో చూసుకోవాలి. కార్లు, జీపుల పనికి కొంటున్నవాళ్లు స్క్రూ విడిగా దొరికే మోడల్ తీసుకోండి. ఫ్రేమ్ కంటే ముందు అరిగేది అదే.