జాగ్రత్త: పాత ఎస్‌యూవీకి మైలేజీ రావట్లేదా? ముందు రీడింగ్ చూపించమనండి, పార్టుల సంగతి తర్వాత

పాత ఎస్‌యూవీ కొన్నవాళ్లూ, కొనబోతున్నవాళ్లూ ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మైలేజీ పడిపోయిందని బండిని షెడ్డుకి తీసుకెళ్తే, కారణం వెతకకుండానే వరసపెట్టి పార్టులు మార్చేసి బిల్లు చేతిలో పెట్టేవాళ్లున్నారు. నాకు అదే జరిగింది. పొగలో ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సర్లు మార్చారు, ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు విప్పి క్లీనింగ్ చేశామన్నారు. చివరికి "పిస్టన్ రింగులు పోయాయి సార్, ఇంజిన్ దించాల్సిందే" దాకా వచ్చారు. అసలు లోపం ఉన్నది థర్మోస్టాట్‌లో, వెనక ఒక చక్రం బ్రేకులో. ఆ రెండూ బాగు చేయించడానికి అయిన ఖర్చు, వాళ్లు అనవసరంగా మార్చిన ఒక్క సెన్సర్ ఖరీదంత కూడా లేదు.

నాది పెట్రోల్ బండి, ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. అమ్మిన డీలర్ డ్యాష్‌బోర్డు మీద సగటు చూపించి, లీటరుకు 10 కిలోమీటర్లు గ్యారంటీ అన్నాడు. ట్యాంకు నింపి లెక్క వేస్తే 6కీ 7కీ మధ్య ఊగుతోంది. కొనేవాళ్లకి ముందు చెప్పాల్సిందేంటంటే, డ్యాష్‌బోర్డు మీద కనిపించే ఆ అంకెని నమ్మి బేరం ఆడకండి. ఒక్క బటన్ నొక్కితే అది సున్నా అవుతుంది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద నిదానంగా కాసేపు నడిపితే ఎంత తాగే బండైనా మంచి అంకే చూపిస్తుంది.

దానికన్నా గట్టి సాక్ష్యం బండి కంప్యూటర్‌లో ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్లు, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్, పెట్రోల్ ఆవిరిని పట్టే ఏర్పాటు లాంటివాటిని కంప్యూటర్ తనంతట తానే పరీక్షించుకుంటూ ఉంటుంది. వీటిని రెడీనెస్ మానిటర్లంటారు. ఎవరైనా స్కానర్‌తో లోపాల కోడ్లు చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా ఇవి మళ్లీ మొదటికొస్తాయి. తిరిగి పూర్తవ్వాలంటే సిటీలోనూ హైవే మీదా కొన్నాళ్లు తిరగాలి. అమ్మకానికి పెట్టిన బండిలో చెక్ ఇంజిన్ లైట్ వెలగడం లేదు, కానీ మానిటర్లు చాలావరకు పూర్తి కాలేదని వస్తోందంటే, ఈమధ్యే ఎవరో ఆ లైట్‌ని ఆర్పారేమోనని అనుమానించాలి. ఫోన్‌కి కలిపే బండి కంప్యూటర్‌ని చదివే చిన్న ఓబీడీ రీడర్‌తోనే ఇది చూసుకోవచ్చు. తాళం తిప్పగానే ఆ లైట్ ఒకసారి వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరుతోందో లేదో కూడా గమనించండి. అసలు వెలగడమే లేదంటే దాని బల్బు పోయి ఉండాలి, లేదా దాని కనెక్షన్ మీద ఎవరో చెయ్యి పెట్టి ఉండాలి.

నా బండిలో ఆ లైట్ కొన్న కొద్దిరోజులకే వెలిగింది. షెడ్డులో స్కానర్ పెట్టారు. స్క్రీన్ చూపించమని అడిగితే "మీకర్థం కాదు సార్" అన్నారు. కోడ్ చెరిపేసి ఆక్సిజన్ సెన్సర్లు మార్చాలన్నారు, మార్చారు. పాత సెన్సర్లు ఇవ్వమంటే స్క్రాపులో పడేశామన్నారు. చాలా రోజుల తర్వాత వాళ్ల జాబ్ కార్డు తిరగేస్తే వెనక పెన్సిల్‌తో చిన్నగా పి0128 అని రాసి ఉంది. ఇంజిన్ కూలెంట్ ఉండాల్సిన వేడికి చేరుకోవడం లేదని ఆ కోడ్ అర్థం. అది కనబడగానే ఎవరైనా ముందు కూలెంట్ మట్టం చూస్తారు, తర్వాత థర్మోస్టాట్ చూస్తారు. దానికీ ఆక్సిజన్ సెన్సర్‌కీ సంబంధం లేదు. కోడ్ వాళ్ల కళ్ల ముందే ఉంది, అయినా ఖరీదైన పార్టు అమ్మారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

థర్మోస్టాట్ చేసే పని చిన్నదే. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపుతుంది, వేడెక్కాక తెరుచుకుంటుంది. చాలా ఇంజిన్లు సుమారు 90 డిగ్రీల దగ్గర పనిచేసేలా తయారవుతాయి. థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే బిగుసుకుపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లో తిరుగుతూ చల్లబడిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉందని కంప్యూటర్ పెట్రోల్ కాస్త ఎక్కువ పోస్తుంది. ఆయిల్ చిక్కగా ఉండిపోయి లోపల రాపిడి పెరుగుతుంది. ఆటోమేటిక్ బండ్లలో ఇంకో నష్టం కూడా ఉంది. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా చాలా గేర్‌బాక్సులు టార్క్ కన్వర్టర్‌ని (ఇంజిన్ బలాన్ని ద్రవం ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగం) లాక్ చేయవు. అది లాక్ కాకపోతే హైవే మీద అదే స్పీడుకి ఇంజిన్ ఎక్కువ తిరగాలి. పోయింది ఒక్క చిన్న పార్టు, పెట్రోల్ కారుతున్నది మూడు దారుల్లో.

దీన్ని కనిపెట్టిన రెండో మెకానిక్ ముందు ఏ పార్టూ ముట్టుకోలేదు. స్కానర్ తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపాడు. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు కూలెంట్ 85 దాటింది. హైవే ఎక్కి ఎదురుగాలి తగిలేసరికి ఆ అంకె నా కళ్ల ముందే దిగుతూ దిగుతూ 60కి కాస్త పైన నిలబడింది. అదే సమయంలో డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మాత్రం నడిమధ్యలోంచి పెద్దగా కదల్లేదు. చాలా బండ్లలో ఆ ముల్లుని అలాగే తయారు చేస్తారు. కొంత తేడా వరకూ మధ్యలోనే నిలబడుతుంది. కాబట్టి "ముల్లు బాగానే ఉంది కదా" అని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోకండి, స్కానర్ లైవ్ డేటాలో అంకె చూపించమనండి. హీటర్ వేస్తే హైవే మీద గోరువెచ్చగా మాత్రమే వస్తుంటే అది కూడా ఇదే లోపానికి గుర్తు.

బ్రేకు సంగతి కూడా ఆ ప్రయాణంలోనే తేలింది. తిరిగొచ్చేటప్పుడు బ్రేక్ పెద్దగా వాడకుండా, బండిని దానంతట అది నెమ్మదించనిచ్చి పక్కకి ఆపాడు. దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడమన్నాడు, ముట్టుకోవద్దని ముందే హెచ్చరించాడు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమ చక్రం దగ్గర మాత్రం సెగ కొట్టింది. షెడ్డుకొచ్చి జాకీ ఎత్తి చక్రం తిప్పితే అర చుట్టు కూడా తిరక్కుండా ఆగిపోతోంది. ప్యాడ్లని నొక్కే కాలిపర్ విప్పితే, అది అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్ను తుప్పుపట్టి బిగిసిపోయింది, గ్రీజు నల్లగా పెచ్చులు కట్టింది. లోపలి వైపు ప్యాడ్ దాదాపు రేకు దాకా అరిగిపోయింది, బయటి ప్యాడ్ మందంగానే ఉంది. పెడల్ మీద కాలు లేకపోయినా ఒక బ్రేకు ఎప్పుడూ పట్టి ఉంటే మైలేజీ ఎలా వస్తుంది? అంతకన్నా భయం కలిగించే సంగతి, వేడెక్కిన బ్రేకు అవసరమైనప్పుడు పనిచేయకపోవడం. ఇది మైలేజీతో ఆగే విషయం కాదు. ఇలాంటి అనుమానం ఉంటే ఈ రోజే చూపించుకోండి.

"రింగులు పోయాయి" అన్న మాట గురించి కూడా చెప్పాలి. కంప్రెషన్ టెస్ట్ చేయకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. ప్లగ్గులు విప్పి గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్‌కీ ఎంత వస్తోందో రాసుకోవాలి. ఒకటి తక్కువొస్తే అందులో కొంచెం ఆయిల్ వేసి మళ్లీ చూడాలి. అప్పుడు రీడింగ్ పెరిగితే రింగుల మీద అనుమానం, పెరగకపోతే వాల్వుల మీదో గ్యాస్కెట్ మీదో అనుమానం. నా బండిలో సిలిండర్లన్నీ దాదాపు సమానంగా వచ్చాయి. నీలం పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు. ఇంజిన్ దించడానికి ఏ కారణమూ లేదు.

షెడ్డుల్లో చిన్న కారణాల్ని పెద్దవి చేసి చెబుతుంటారు. టైర్లలో గాలి తక్కువుంటే మైలేజీ తగ్గే మాట నిజం. కానీ అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం అన్ని టైర్లలో గాలి ఒత్తిడి సగటున 1 పీఎస్ఐ తగ్గితే పోయేది సుమారు 0.2 శాతం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే పాత కార్బ్యురేటర్ బండ్లలో తేడా బాగా ఉండేది. కంప్యూటర్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ బండ్లలో ముఖ్యంగా పికప్ తగ్గుతుంది, మైలేజీ పెద్దగా మారదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షించి చెప్పింది. గాలి కొట్టించండి, ఫిల్టర్ మార్చండి, అవి ఎలాగూ చేయాల్సినవే. కానీ మైలేజీలో మూడోవంతు పోయినప్పుడు కారణం ఫిల్టరేనని ఎవరైనా అంటే, వాళ్లింకా వెతకడం మొదలుపెట్టలేదని అర్థం.

పెద్ద నష్టానికి వెతకాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఆపినా ముందు చక్రాల హబ్బులు గానీ, ముందు చక్రాలకి బలం పంపే ట్రాన్స్‌ఫర్ కేసు గానీ విడిపోకుండా పట్టి ఉందా? పట్టి ఉంటే ఎండిన తారు రోడ్డు మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా మళ్లించినప్పుడు బండి బిగుసుకున్నట్టు కుదుపులు వస్తాయి. టార్క్ కన్వర్టర్ లాక్ అవుతోందా? ఖాళీ హైవే మీద స్థిరమైన స్పీడులో వెళ్తూ, యాక్సిలరేటర్ కదల్చకుండా, వెనక బ్రేక్ లైటు వెలిగేంత మాత్రం పెడల్‌ని తాకితే చాలా బండ్లలో ఆర్పీఎం కొంచెం లేచి, వదలగానే దిగుతుంది. అసలు మార్పే లేకపోతే లాక్ అవుతున్నట్టు లేదు. పాత ఇంజెక్షన్ బండ్లలో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి ఒక సన్నని వాక్యూమ్ గొట్టం ఉంటుంది. అది పీకి చూస్తే లోపల పెట్రోల్ తడి ఉండకూడదు. ఉంటే డయాఫ్రం చిరిగిందని, పెట్రోల్ నేరుగా ఇంజిన్‌లోకి లాగేసుకుంటోందని తెలుస్తుంది. ఆయిల్ డిప్‌స్టిక్ దగ్గర పెట్రోల్ వాసన గట్టిగా వస్తున్నా, ఆయిల్ మట్టం పెరుగుతున్నా నిర్లక్ష్యం చేయకండి.

ఆక్సిజన్ సెన్సర్లు ఎప్పుడూ పోవని నేననడం లేదు, పోతాయి. కానీ దాన్ని పరీక్షించే పద్ధతుంది. పాత రకం సెన్సర్ అయితే ఇంజిన్ వేడెక్కాక దాని వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతూ ఉండాలి. బద్ధకంగా కదిలినా, ఒకచోటే నిలబడిపోయినా అనుమానించాలి. కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు కూడా చూడమనండి. అవి సున్నాకి అటూ ఇటూ దాదాపు 10 శాతం లోపల ఉంటే కంప్యూటర్ మిశ్రమాన్ని బాగానే సర్దుకుంటోందని అర్థం. ఇంకో మాట, పి0171 అని కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదు. మిశ్రమంలో గాలి ఎక్కువైందని సెన్సర్ చెబుతోంది. ఎక్కడో వాక్యూమ్ గొట్టం పగిలి ఉండొచ్చు, గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ మురికి పట్టి ఉండొచ్చు. కెటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే పి0420 కూడా అంతే. అది చాలా ఖరీదైన పార్టు, ఆ కోడ్ ఒక్కటే చూసి దాన్ని మార్చడానికి ఒప్పుకోవద్దు.

నేను ఇంజిన్ దించొద్దన్నాక ఆ షెడ్డువాళ్లు ఇంకోటి అంటగట్టబోయారు. ఓబీడీ సాకెట్‌లో పెడితే పెట్రోల్ ఆదా అవుతుందనే ఒక చిన్న డబ్బీ. నేను తీసుకోలేదు, మీరూ తీసుకోకండి. పెట్రోల్ గొట్టానికి చుట్టే అయస్కాంతాలూ, ట్యాంకులో వేసే మాత్రలూ ఇదే కోవ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచినది ఒక్కటీ దొరకలేదు.

ఇంతకీ మైలేజీ పడిందో లేదో ముందు మీరే సరిగ్గా కొలవాలి. పంపు దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి మీటర్ రాసుకోండి. ట్యాంకు చాలావరకు ఖాళీ అయ్యాక అదే బంకులో మళ్లీ అలాగే నింపించి, పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. ఒక్క ట్యాంకుతో తేల్చేయకండి. టైరు సైజు కూడా డోరు దగ్గరి స్టిక్కర్‌తో పోల్చి చూడండి. ఉదాహరణకి 265/65 ఆర్17 ఉండాల్సిన చోట 265/70 ఆర్17 వేస్తే చుట్టుకొలత 3.4 శాతం పెరుగుతుంది. 100 కిలోమీటర్లు తిరిగితే మీటర్ 97 దగ్గరే చూపిస్తుంది, లేని నష్టం లెక్కలో కనిపిస్తుంది. టాప్ మీద వాడని క్యారియర్ ఉంటే తీసేయండి. హైవే మీద దాని భారం గాలే చెబుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండైతే ఇంజిన్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది, అలాంటి వాడకంలో ఏ పాత ఎస్‌యూవీ అయినా ఎక్కువే తాగుతుంది.

డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇంజెక్టర్లు మార్చేముందు రిటర్న్ టెస్ట్ చేయించండి, ఏ ఇంజెక్టర్ ఎంత వెనక్కి వదులుతోందో పక్కపక్కన సీసాల్లో కనిపిస్తుంది. నల్ల పొగ వస్తుంటే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టం పగిలిందేమో ముందు చూడండి.

థర్మోస్టాట్, బ్రేకు బాగయ్యాక నా బండి 9కి కాస్త పైన ఇస్తోంది. ఆ వయసు బండికి అది న్యాయమైన అంకె. మొదటి షెడ్డుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. జాబ్ కార్డు వెనక ఉన్న పి0128 ఫొటో, బాగు చేయకముందు తీసిన లైవ్ డేటా ఫొటో, కంప్రెషన్ రీడింగులు జత చేశాను. సెన్సర్ల డబ్బు వెనక్కి ఇచ్చారు. ఇంజెక్టర్ల లేబర్ మాత్రం ఇవ్వబోమంటున్నారు, అది ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే బిల్లులూ జాబ్ కార్డులూ పారేయకండి, వెనకవైపు కూడా తిప్పి చూడండి. ఇకముందు బండి ఇచ్చేటప్పుడు పాత పార్టులు తిరిగి ఇవ్వాలనీ, అడక్కుండా ఏదీ మార్చకూడదనీ జాబ్ కార్డు మీదే రాయించి, తాళం ఆ తర్వాతే ఇవ్వండి.