మెమో ఇచ్చే ఇన్‌ఛార్జి, కారణం అడిగే ఇన్‌ఛార్జి: నర్సుల భద్రతకు ఏది మేలు?

వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్లలో రెండు తీరుల వారు కనిపిస్తారు. నియమం తప్పిన నర్సుకు వెంటనే మెమో ఇచ్చేవారు కొందరైతే, తప్పు జరిగిన చోటికి వెళ్లి అది ఎందుకు జరిగిందని అడిగేవారు మరికొందరు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చడానికి సూది గుచ్చుకోవడమనే ఒక్క ప్రమాదాన్ని పరిశీలించినా చాలు.

రాత్రి 3 గంటలప్పుడు, పక్క మంచం రోగికి సెలైన్ అయిపోవస్తోంది. వాడిన సూదిని కత్తిరించే నీడిల్ కట్టరేమో వార్డు అవతలి చివర ఉంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదని తెలిసి కూడా స్టాఫ్ నర్సు పెట్టబోతుంది, సూది బొటనవేలిలో దిగుతుంది. మెమో భయం ఉన్న వార్డులో ఆమె వేలు కడుక్కుని ఊరుకుంటుంది. ఆ మౌనమే ప్రమాదకరం. రోగికి హెచ్‌ఐవీ ఉంటే నివారణ మందులు వీలైతే 2 గంటల్లోనే, ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యికి మూడే కావచ్చు; రోగికి హెపటైటిస్-బి ఉంటే, టీకా వేయించుకోని నర్సుకు అది సోకే అవకాశం మాత్రం నూటికి 30 దాకా ఉంటుంది.

కఠినత్వాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. సూదులు గుచ్చుకుపోని తెల్లటి డబ్బాలోనే పడాలన్న 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధన రోజువారీ తనిఖీ లేకుండా అమలు కాదు. అయితే తనిఖీ చేసే మనిషి ఇంటికి వెళ్లాక, రాత్రి డ్యూటీలో ఆ భయం ఎంతవరకు పనిచేస్తుంది?

పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన అమెరికన్ ఆసుపత్రుల అధ్యయనంలో, నాయకత్వం బాగున్న నర్సింగ్ యూనిట్లలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడి నర్సులు పొరపాట్లను దాచకుండా బయటికి చెప్పగలగడమే దానికి కారణమని ఆమె వివరించారు.

అందుకే నా మొగ్గు రెండో తీరు వైపే. "కట్టర్ ఎక్కడుంది?" అని అడిగిన ఇన్‌ఛార్జి వల్లనే ప్రతి ట్రాలీ మీదికీ ఒక కట్టర్ వస్తుంది. హడావిడిలో తానే మూత పెట్టే ఇన్‌ఛార్జి గోడకు ఎన్ని పోస్టర్లు అంటించినా జూనియర్లు ఆమె చేతులనే చూసి నేర్చుకుంటారు. ఇదంతా ఇన్‌ఛార్జి ఒక్కరితో అయ్యే పని కూడా కాదు: నమోదైన ఘటనల సంఖ్య పెరిగిందని నెలవారీ సమావేశంలో నర్సింగ్ సూపరింటెండెంట్ నిలదీస్తే, వచ్చే నెల నుంచి ఇన్‌ఛార్జి కూడా ఘటనలను తెలిపే ఫారాలు పంపడం మానేస్తుంది.