ఇంట్యూషన్ వేరు, ఆలోచన వేరు

వ్యక్తిత్వ రకాల గురించి 1921లో రాసినప్పుడు స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ మనసు చేసే పనులను నాలుగుగా విడదీశాడు: ఆలోచన, అనుభూతి, ఇంద్రియ గ్రహణం, ఇంట్యూషన్ (కారణం తెలియకుండానే తట్టడం). చాలామంది ఇంట్యూషన్‌ను ఆలోచనకు పోటీగా నిలబెడతారు. యుంగ్ లెక్కలో ఆలోచనకు ఎదురు అనుభూతి. ఇంట్యూషన్‌కు ఎదురు ఇంద్రియ గ్రహణం.

అసలు తేడా పని తీరులో ఉంది. ఆలోచన తీర్పు చెబుతుంది. ఇంట్యూషన్ గ్రహిస్తుంది, అదీ అచేతనం, అంటే మన ఎరుకలో లేని మనసు గుండా. మీటింగులో అందరూ కొత్త ప్లాన్‌కి తలూపుతుంటే ఒకరు "ఇది మధ్యలో ఆగిపోతుంది" అంటారు. ఎందుకని అడిగితే నీళ్లు నములుతారు. ముగింపు తట్టింది, దారి మాత్రం కనబడలేదు. పక్కనున్న ఆలోచనాపరుడు గడువులు, మనుషులు, ఖర్చు ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుని అరగంట తర్వాత అదే మాటకు రావచ్చు. ఆయన పొరబడితే ఎక్కడో వేలు పెట్టి చూపించొచ్చు. మొదటివారి విషయంలో ఆ వీలు లేదు, నా దృష్టిలో ఇంట్యూషన్‌కున్న పెద్ద లోటు ఇదే. భయం, ఇష్టం కూడా ఒక్కోసారి అదే వేషంలో వస్తాయి మరి!

అయినా యుంగ్ ఇంట్యూషన్‌ను హేతువు పరిధికి బయట ఉంచాడే తప్ప, హేతువుకు విరుద్ధమనలేదు.

యుంగ్ ఆలోచనల మీద అల్లిన వ్యక్తిత్వ పరీక్ష మైయర్స్-బ్రిగ్స్‌లోనూ ఇంట్యూషన్, ఆలోచన వేర్వేరు జంటల్లో ఉంటాయి కాబట్టి ఒకే మనిషిలో రెండూ బలంగా ఉండొచ్చు. అందులో ఐఎన్‌టీజే (ఎన్ అంటే ఇంట్యూషన్, టీ అంటే ఆలోచన) అనే రకం అలాంటిదే: ముందు తడుతుంది, తర్వాత లెక్క వేసుకుంటారు.