కీటోలో తలనొప్పి, నీరసం: కొబ్బరి బొండమా, ఓఆర్ఎస్సా, ఉప్పేసిన మజ్జిగా?

కీటో అంటే పిండిపదార్థాలు (కార్బ్స్) బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి. అది మొదలుపెట్టిన మూడో రోజు నాకు ఒకటే తలనొప్పి. రాత్రి పిక్కలు పట్టేశాయి. ఇంట్లో వాళ్లు "వేడి చేసింది, బొండం తాగు" అన్నారు. రెండు రోజులు తాగినా తలనొప్పి తగ్గలేదు.

అసలు పోతున్నది ఉప్పు. పిండిపదార్థాలు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, అప్పుడు కిడ్నీలు ఉప్పులోని సోడియాన్ని ఎక్కువగా మూత్రంలోకి వదిలేస్తాయి. పైగా అన్నం మానేశాక పప్పు, పులుసు, ఆవకాయ కూడా తగ్గిపోతాయి. మనకు ఉప్పు అందేదే వాటిలోంచి. అది గమనించకుండా రోజుకు నాలుగు లీటర్ల మంచినీళ్లు తాగితే నీరసం ఇంకా పెరుగుతుంది.

అందుకే ఏ డ్రింకయినా నేను రెండే చూస్తాను: సోడియం ఎంత, చక్కెర ఎంత.

కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. 300 మిల్లీలీటర్ల బొండంలో సుమారు 10 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. రోజుకు 20 గ్రాములే పెట్టుకున్నవాళ్లకు అందులో సగం అక్కడే అయిపోతుంది. మామూలు భోజనం చేసేవాళ్లకు మంచిదే, కీటోలో రోజూ తాగేది కాదు.

ఓఆర్ఎస్ సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఫార్ములా ప్రకారం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. ఆ గ్లూకోజ్ రుచి కోసం వేసింది కాదు, పేగుల్లో సోడియం, నీరు త్వరగా ఒంటికి పట్టడానికి వేసింది. అది విరేచనాల్లో ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను భర్తీ చేసే మందు. అదే ఓఆర్ఎస్ అనుకుని మనం కొన్న తియ్యటి టెట్రాప్యాక్‌లు చాలావరకు ఆ ఫార్ములా కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఆ పోరాటానికి నేను మనసారా దండం పెడతాను.

గ్లూకోజ్ పొడులు, చక్కెర ఉన్న స్పోర్ట్స్ డ్రింకులు కీటోకు అసలు పనికిరావు. నీళ్లలో వేస్తే బుసబుసా కరిగే, చక్కెర లేని ఫిజ్జీ లవణాల మాత్రలు ప్రయాణాల్లో సౌకర్యమే. కాకపోతే లేబుల్ మీద మాల్టోడెక్స్ట్రిన్ కనిపిస్తే అదీ కార్బే.

నా ఓటు ఉప్పేసిన పల్చటి మజ్జిగకే. రెండు చెంచాల పెరుగు, గ్లాసు నిండా నీళ్లు, పావు టీస్పూను ఉప్పు, కరివేపాకు, కాస్త అల్లం. కార్బ్స్ రెండు గ్రాములు దాటవు, సోడియం 550 మిల్లీగ్రాముల పైనే అందుతుంది. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగాక మర్నాటికే నా తల తేలికపడింది. పెరుగు పడనివాళ్లు చక్కెర లేకుండా ఉప్పు నిమ్మనీళ్లు తాగొచ్చు. మాంసం తినేవాళ్లకైతే మటన్ ఎముకల సూప్ ఇంకా బాగుంటుంది. పొటాషియం కోసం పాలకూర తినండి, గుప్పెడు గుమ్మడి గింజలు తింటే మెగ్నీషియం కూడా అందుతుంది.

బీపీ, కిడ్నీ, గుండె జబ్బులు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇలా ఉప్పు పెంచొద్దు. పొటాషియం కలిపిన లో-సోడియం ఉప్పు కూడా వాళ్లు సొంతంగా వాడకూడదు.

కీటోలో ఉండగా వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్రం కార్బ్స్ లెక్కలు పక్కన పెట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడి కలిపి, కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి.