డాబా మీద నాలుగేళ్ల సోలార్: నాగోల్ నుంచి నా అనుభవం

2021 నవంబర్‌లో మా ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 335 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఒక ఇన్వర్టర్, మనం తీసుకున్నదీ, మిగిలి లైన్లోకి ఇచ్చిందీ లెక్కపెట్టడానికి కరెంటు ఆఫీసు వాళ్లు బిగించిన నెట్ మీటరు. నాలుగు ఎండాకాలాలు, నాలుగు వానాకాలాలు చూశాక ఇది రాస్తున్నాను. పెట్టించుకోవాలా వద్దా అని ఊగిసలాడే సొంతింటి వాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. నన్నడిగితే మళ్లీ పెట్టిస్తాను. కాకపోతే అమ్మేటప్పుడు ఎవరూ చెప్పని సంగతులు కొన్నున్నాయి.

ముందు డబ్బు సంగతి. అసలు లాభం స్లాబుల్లో ఉంది. తెలంగాణలో 2022 టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కే యూనిట్‌కు 5.10, ఆ పైన వందకు 7.70, ఇంకో వందకు 9 రూపాయలు, 400 దాటాక 9.50. మే నెలలో రెండు ఏసీలతో మాకు 500 యూనిట్లు కాలతాయి. ఒక్క కరెంటు చార్జీలే 3,640 రూపాయలు. అందులో 350 యూనిట్లు సోలార్ నుంచి వస్తే మిగిలేది 150. అప్పుడు స్లాబే మారిపోతుంది, మొదటి వందకు 3.40, తర్వాతి యాభైకి 4.80 చొప్పున 580 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు ఎటూ ఉంటాయి. అంటే సోలార్ ముందుగా కోసేది బిల్లులో ఖరీదైన పై భాగాన్ని. నెలకు 150 యూనిట్లు కూడా కాలని ఇంటికి ఇంత లాభం ఉండదు, వాళ్లు తొందరపడక్కర్లేదు.

నేను తీసుకున్నప్పుడు 3 కిలోవాట్ల దాకా 40 శాతం సబ్సిడీ ఉండేది. అది పోను లక్ష పైచిలుకు అయింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78 వేలు ఇస్తున్నారు.

కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అని అందరూ చెప్పే లెక్క ఏడాది సగటుకు దాదాపు సరిపోతుంది, రోజువారీగా సరిపోదు. మాకు బాగా వచ్చేది మార్చిలో, రోజుకు 13, 14 యూనిట్లు. మేలో ఎండ ఎక్కువ కదా అనుకున్నాను గానీ వేడి వేరు, వెలుతురు వేరు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆ పైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే ఆరో వంతు అక్కడే పోతుంది. జూలై ముసురులో 5 యూనిట్లు వచ్చిన రోజులూ ఉన్నాయి. చలికాలంలో మిగిలిన యూనిట్లను ఆరు నెలలకోసారి లెక్క తేలుస్తారు, అదీ మనం కొనే రేటుకు కాదు, బాగా తక్కువకు. అందుకే అవసరానికి మించి పెద్దది పెట్టించొద్దు.

పెట్టించిన మొదటి నెలలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తిన ఎండ మండిపోతోంది, ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. ఏదో చెడిపోయిందని టెన్షన్ పడి కిందికి పరిగెత్తాను. స్తంభం దగ్గర లైన్‌మన్ విషయం చెప్పాడు: "చెడిపోలేదు సార్. మీ డాబా మీది కరెంటు లైన్లోకి వస్తే పైన నేనుంటా కదా!" లైన్లో కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి, అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు. కాబట్టి కరెంటు పోయినప్పుడు వాడుకోవాలంటే బ్యాటరీ ఇన్వర్టర్ విడిగా ఉండాల్సిందే.

ఇక కడగడం. పక్కనే అపార్ట్‌మెంట్ల పని, సిమెంటు దుమ్ము. పావురాలు సరేసరి. రెట్ట ఒకచోట ఎండిపోతే ఆ ప్యానెల్ ఒక్కటే కాదు, దానితో పాటు వరస కూడా కొంత దిగిపోతుంది. మొదట్లో బోరు నీళ్లతో కడిగేవాణ్ని. ఆరాక అద్దం మీద తెల్లటి చారలు, గోరుతో గీకినా పోలేదు. అప్పటి నుంచి నల్లా నీళ్లే. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున ఐదున్నరకి ఒక బకెట్, మెత్తటి వైపరు. కాగిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు, పగలొచ్చు. కడిగిన మర్నాడు, ఎంత కరెంటు వచ్చిందో చూపే ఫోన్ యాప్‌లో గీత పైకి లేవడం చూస్తే ఇప్పటికీ సంతోషమే.

ప్యానెళ్లను ఎనిమిది అడుగుల ఎత్తు స్టాండ్ మీద వేయించాం. దానికి డబ్బు ఎక్కువైంది, కానీ అది అమ్మ మాట. "నా వడియాలకు, బట్టలకు చోటు ఉంచు నాన్నా, ఆ తర్వాత నీ ఇష్టం" అంది. ఆ మాట విన్నందుకు రోజూ మేలే జరుగుతోంది. కింద బట్టలు ఆరతాయి, స్లాబ్ మీద నీడ పడి పై బెడ్‌రూమ్ రాత్రిపూట మునుపటిలా ఉడికిపోవడం లేదు. పైకప్పు వేడెక్కకుండా చూడాలని 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 600 గజాలు, ఆ పైన స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి. మాది 200 గజాలే అయినా ఆ చల్లదనం సోలార్‌తో పాటే దొరికింది.

సర్వీసు దగ్గరే మనసు కష్టపడింది. పెట్టిన కంపెనీ మూడో ఏడు నుంచి ఫోన్ ఎత్తలేదు. 2025 ఏప్రిల్‌లో ఇన్వర్టర్ ఎర్రలైటు చూపించి ఆగితే, తయారీదారు దగ్గరికి నేనే బిల్లు పట్టుకుని వెళ్లి వారంటీలో మార్పించుకున్నాను. పంతొమ్మిది రోజులు పోయాయి, అదీ మంచి ఎండల్లో. బిల్లు, ఇన్వర్టర్ సీరియల్ నంబరు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఊరు మొత్తంగా చూస్తే చేసిన పనులు కళ్ల ముందే ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి సోలార్ కప్పు వేశారు, 16 మెగావాట్లు. జవహర్‌నగర్‌లో చెత్త నుంచి 19.8 మెగావాట్లు తీసే ప్లాంటు 2020లో మొదలైంది. 2022లో మేం కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్‌కు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పడలేదు. దాని ఫుల్ చార్జింగ్‌కు మూడు యూనిట్లు, అవీ డాబా మీంచే. నాకు బాధ కలిగించేది అపార్ట్‌మెంట్ల వాళ్ల సంగతి. ఇదే కాలనీలో ఐదో అంతస్తులో ఉండే మా అక్కకు మీటరు ఉంది, పైకప్పు మాత్రం అందరిదీ. వాళ్ల బిల్డింగ్‌లో లిఫ్టుకు, మోటార్లకు పెట్టుకోగలిగారు, అంతే. ఫ్లాట్లలో ఉండేవాళ్ల దాకా వెళ్లకుండా ఈ ఊళ్లో సోలార్ పెరిగిందని నేను అనలేను.

ఇంకొకటి, నీడ. పడమటి పక్క ప్లాట్‌లో పోయినేడు ఐదంతస్తులు లేచాయి. ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటితే మా ప్యానెళ్ల మీద దాని నీడ పడుతోంది. ఆయన తన స్థలంలో కట్టుకున్నాడు, తప్పు పట్టను. కానీ సబ్సిడీ ఇచ్చి పెట్టించిన సోలార్ పక్కన ఉందని కట్టడానికి పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఒక్కసారైనా చూడాలి కదా. పడమటి వరసలోని మూడు ప్యానెళ్లను మెట్ల గది పైకి మార్పించాను. మీరు పెట్టించే ముందు చుట్టూ ఖాళీ ప్లాట్లు ఏ దిక్కున ఉన్నాయో చూసుకోండి. నిరుడు మార్చిలో మేం లైన్లోకి ఇచ్చింది 240 యూనిట్లు, ఈ మార్చిలో 212. తూర్పు వైపు ప్లాటు ఇంకా ఖాళీగానే ఉంది.