ఖతార్ వర్క్ వీసాకు ఎంత కాలం పడుతుంది? నిజామాబాద్‌లోని ఒక ఏజెన్సీ సేవలపై సమీక్ష

మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లో ఉండే తెలుగువాళ్లకు గల్ఫ్ పని అనగానే నాందేడ్ కన్నా నిజామాబాదే ముందు గుర్తుకు వస్తుంది. ధర్మాబాద్‌లో రైలెక్కితే బాసర, గోదావరి దాటాక నిజామాబాద్. అక్కడ మాట కూడా మన మాటే. మా బావమరిదికి ఖతార్‌లోని ఒక నిర్మాణ కంపెనీలో ప్లంబర్ ఉద్యోగం అక్కడి రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ ద్వారానే కుదిరింది. దసరాకు ముందు మొదలైన పని సంక్రాంతి దాటాక గానీ పూర్తి కాలేదు. మంచితో పాటు లోపాలనూ చెప్పబోతున్నాను కనుక ఏజెన్సీ పేరు రాయడం లేదు.

మన వైపు తిరిగే దళారులు చాలామంది పదిహేను రోజుల్లో వీసా చేతికిస్తామని చెబుతారు. ఈ ఏజెన్సీలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, వాళ్లు అలాంటి లెక్క ఒక్కటి కూడా చెప్పకపోవడం. మొదటి రోజే ఒక తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసి, కంపెనీ కోటా, వీసా దరఖాస్తు, హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశీ ఉద్యోగానికి వెళ్లేందుకు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అని వరుసగా రాసి, ప్రతి దాని పక్కన ఆ దశలో ఫైలు ఎవరి దగ్గర ఉంటుందో, ఆలస్యమైతే ఎవరిని అడగాలో రాసి ఇచ్చారు. స్పాన్సర్ చేసే కంపెనీ ఉన్న వీసాలో కాలం ఒకే చోట గడవదు. ఖతార్ ప్రభుత్వం ఆ కంపెనీకి విదేశీ కార్మికుల కోటా మంజూరు చేసేవరకు ఇక్కడ ఏజెంటు చేయగలిగింది ఏమీ లేదు. మా నిరీక్షణలో ఎక్కువ భాగం ఆ దశలోనే గడిచింది. ఆ సంగతి ముందే తెలియడం వల్ల ఇంట్లో ఎవరూ అనవసరంగా కంగారు పడలేదు.

కోటా వచ్చి, కంపెనీ వీసాకు దరఖాస్తు చేశాక పని వేగం పుంజుకుంది. ఖతార్ ప్రభుత్వం 2019 నుంచి మన దేశంలో వీసా సెంటర్లు నడుపుతోంది. హైదరాబాద్ సెంటర్‌లో వేలిముద్రలు, మెడికల్, ఉద్యోగ ఒప్పందంపై సంతకం, అన్నీ ఒకే కప్పు కింద పూర్తవుతాయి. ఇక్కడ ఏజెన్సీ మనిషి ముందురోజు ఫోన్ చేసి, ఒప్పందంలో హోదా, మూల వేతనం, భోజనం, వసతి అనే నాలుగు చోట్లా ఆగి చదవమని, ఆఫర్ లెటర్‌తో సరిపోకపోతే సంతకం చేయవద్దని మా బావమరిదికి గట్టిగా చెప్పారు. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ భోజనం పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 రియాళ్లు అదనంగా చెల్లించాలి. ఈ అంకెలు తెలిసిన మనిషికి ఒప్పందం చదవడం తేలిక.

సరిహద్దు జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం పేర్లది. మన పిల్లలు మరాఠీ మాధ్యమంలో చదువుతారు కాబట్టి పదో తరగతి మార్కుల పత్రంలో ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు, చివర తండ్రి పేరు ఉంటాయి. మా బావమరిది పాస్‌పోర్టులో తండ్రి పేరు లేదు. కంపెనీ పంపిన ఆఫర్ లెటర్‌లో మాత్రం మార్కుల పత్రంలో ఉన్న మూడు పేర్లూ ఎక్కాయి. ఏజెన్సీలోని గుమాస్తా పాస్‌పోర్టు, ఆధార్, మార్కుల పత్రం, ఆఫర్ లెటర్ బల్లమీద పక్కపక్కన పరిచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసి ఆ తేడా పట్టుకున్నారు. వీసా దరఖాస్తుకు ముందే ఆఫర్ లెటర్‌ను పాస్‌పోర్టు ప్రకారం దిద్దించారు. దిద్దకముందున్న పేరుతోనే వీసా వచ్చి ఉంటే మొత్తం ఫైలు మళ్లీ మొదటి నుంచి నడిపించవలసి వచ్చేది.

మా బావమరిది పదో తరగతి పాసైనా, పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఆ పత్రం జతచేయలేదు కాబట్టి పాస్‌పోర్టుపై ఇసిఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) ముద్ర పడింది. అలాంటి పాస్‌పోర్టుతో 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఇ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా క్లియరెన్స్ తీసుకోవాలి. ఖతార్ ఆ జాబితాలో ఉంది. పాస్‌పోర్టు మార్పిస్తే నంబరు మారిపోతుందని, అప్పటికే కంపెనీ దరఖాస్తు పాత నంబరుతో ఉందని ఏజెన్సీ వాళ్లు వివరించి, క్లియరెన్స్ దారినే ఎంచుకున్నారు. కొన్ని రోజులు ఎక్కువ పట్టినా ఆ దారే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో ఒప్పందాన్ని ప్రభుత్వ అధికారి పరిశీలిస్తారు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా తప్పనిసరి అవుతుంది. రెండేళ్ల బీమాకు ప్రీమియం పన్ను కాకుండా 275 రూపాయలు మాత్రమే. విజిట్ వీసా మీదో, ఆజాద్ వీసా (పేరుకే స్పాన్సర్ ఉండి, పని వేరే చోట వెతుక్కోవలసిన వీసా) మీదో పంపుతామనే వాళ్లు తగ్గించేది కాలం కాదు, ఈ రక్షణలను. దుబాయ్ వెళ్లేవాళ్లు మాత్రం క్లియరెన్స్ విషయంలో తొందరపడాలి. అక్కడి ఎంట్రీ పర్మిట్ వచ్చాక 60 రోజుల్లోగా ఆ దేశంలో ప్రవేశించాలి.

ఇక లోపాలు. ఒరిజినల్ పాస్‌పోర్టును మొదటి రోజే తమ దగ్గర పెట్టుకున్నారు. కోటా దశలో దాని అవసరమే లేదు. గట్టిగా అడిగాక తిరిగి ఇచ్చారు. ఫైలు కదలని వారాల్లో ఫోన్లు ఎత్తలేదు. కొత్త సంగతి ఏమీ లేకపోయినా ఆ ముక్కే చెబితే అవతలి కుటుంబానికి ఎంత ఊరటో వాళ్లకు తెలియాలి. డబ్బు దగ్గర ఇంకా ఇబ్బంది పెట్టారు. ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగలిగే సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. అంటే 35,400 మించకూడదు. రసీదు అంతవరకే ఇచ్చి, ఫైలు ఖర్చు పేరుతో మరికొంత నగదు అడిగారు. నిబంధన చూపించాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు గానీ, మాతో పాటు బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన రసీదు లేకుండానే నోట్లు లెక్కపెట్టి ఇవ్వడం చూసి మనసు కలుక్కుమంది.

పని నాణ్యతకు అయిదుకు నాలుగు, డబ్బు వ్యవహారానికి రెండు మార్కులు ఇస్తాను. వాళ్ల దగ్గరికే వెళ్లినా, వేరే చోటికి వెళ్లినా, ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెన్సీ లైసెన్సు ఇంకా చెల్లుబాటులో ఉందో, గడువు ముగిసిందో, సస్పెండ్ అయిందో ముందే చూడండి. ఊళ్లలో తిరిగే సబ్-ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు, వాళ్ల చేతికి డబ్బు ఇవ్వకండి. రుసుమును బ్యాంకు ద్వారానే చెల్లించండి. కంపెనీ ఆఫర్ లెటర్, ఒప్పందం, రసీదు నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచి, మరొకటి వెళ్లే మనిషి ఫోన్‌లో ఫొటోలుగా పెట్టండి.