117 మందికి విందు, చెప్పకుండా వెళ్ళిపోయిన పిల్లాడు: 'బార్ మిట్స్వా బాయ్'

పదమూడేళ్ళు నిండిన యూదు పిల్లాడు వాళ్ళ ప్రార్థనా మందిరమైన సినగాగులో అందరి ముందూ నిలబడి, వాళ్ళ పవిత్ర గ్రంథమైన తోరాలోంచి తన వంతు రాగంతో చదవాలి. అదే బార్ మిట్స్వా. ఆ రోజు నుంచి వాడు పెద్దవాళ్ళ లెక్కలోకి వస్తాడు. మన ఒడుగు గుర్తొస్తుంది గానీ, అక్కడ పురోహితుడు చెబుతుంటే వెంట అనేస్తే సరిపోతుంది. ఇక్కడ అలా కుదరదు. తోరా చుట్టలో ఉండేవి హల్లులే. అచ్చుల గుర్తులు, స్వరాల గుర్తులు ఏవీ ఉండవు. అవన్నీ ఉన్న పుస్తకం పెట్టుకుని నెలల తరబడి వల్లె వేసి, చివరికి ఏ ఆధారమూ లేని చుట్టలోంచి చదవాలి. 'బార్ మిట్స్వా బాయ్' నాటకంలోని కుర్రాడు ఎలియట్ గ్రీన్ మీదున్న బరువు అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

జాక్ రోసెంతాల్ ఈ కథను మొదట బీబీసీ నాటకాల వరస 'ప్లే ఫర్ టుడే' కోసం టీవీ నాటకంగా రాశారు. 1976 సెప్టెంబరులో ప్రసారమై బ్రిటిష్ సినిమా, టీవీ పురస్కారం బాఫ్టా గెలిచింది. కథ ఉత్తర లండన్‌లోని ఒక మామూలు ఇంట్లో జరుగుతుంది. తండ్రి విక్టర్ టాక్సీ నడుపుతాడు. తల్లి రీటాకి విందు ధ్యాస తప్ప మరొకటి లేదు. పిలిచింది 117 మందిని. ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలి. బల్లకు పదిమంది చొప్పున కూర్చోబెడితే పదకొండు బల్లలు నిండి ఏడుగురు మిగులుతారు. ఆ ఏడుగురూ ఎవరు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే ఎవరికి కోపం వస్తుంది? పెళ్ళి భోజనాల బాధ్యత ఒక్కసారి నెత్తినేసుకున్న వాళ్ళకు ఆ తల్లి ఎందుకు నిద్రపోలేదో చెప్పక్కర్లేదు. తీరా శనివారం పొద్దున పేరు పిలిచే వేళకు ఎలియట్ సినగాగులోంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోతాడు. తండ్రినీ, తాతనీ, అక్కను చేసుకోబోయే హెరాల్డ్‌నీ చూశాక, మగాడంటే ఇదే అయితే తనకు అక్కర్లేదనుకుంటాడు.

దీన్ని సంగీత నాటకం చేస్తే లండన్ హర్ మెజెస్టీస్ థియేటర్‌లో 1978 అక్టోబరు 31న మొదలై 78 ప్రదర్శనలకే ఆగిపోయింది. మనుషులు తక్కువైన వాళ్ళేం కాదు. సంగీతం 'జిప్సీ', 'ఫన్నీ గర్ల్' చేసిన జూల్ స్టైన్‌ది, పాటలు డాన్ బ్లాక్‌వి, దర్శకత్వం అప్పుడే 'ఆనీ'తో పేరు తెచ్చుకున్న మార్టిన్ చార్నిన్‌ది. నా ఉద్దేశంలో దెబ్బతిన్నది కొలత దగ్గర. ఈ హాస్యమంతా వంటింటి మాటల్లో, మాట మధ్యలో ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోవడంలో ఉంది. వెయ్యికి పైగా సీట్లున్న హాల్లో చివరి వరసకి ఆ చూపు చేరదు. చేర్చాలని నటులు గొంతు పెంచితే రీటా గయ్యాళి అయిపోతుంది. ఆ అనుభవం మీదే రోసెంతాల్ తర్వాత 'స్మాష్!' అనే మరో నాటకం రాశారు.

2016లో లండన్ హైగేట్‌లో, పబ్ పైఅంతస్తులోని 'అప్‌స్టేర్స్ ఎట్ ద గేట్‌హౌస్'లో డేవిడ్ థామ్సన్ సవరించిన ప్రతితో దీన్ని మళ్ళీ ఆడారు. ఈ నాటకానికి సరైన చోటు అలాంటి చిన్న హాలే. 117 మందిని వేదిక మీద చూపించక్కర్లేదు, నలుగురు కంగారుపడితే చాలు. మిగతావాళ్ళు కనబడకపోతేనే ఆ అంకె మరింత భయపెడుతుంది.

వేదిక మీద ఎక్కువగా తప్పేది వివరాల దగ్గర. మాంసాహార విందు తర్వాత పాలు కలిపిన కాఫీ, క్రీము కేకు బల్ల మీదికి వచ్చాయంటే యూదుల ఆహార నియమం కోషర్ తెలిసినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. మాంసం, పాలు ఒక భోజనంలో కలవవు కాబట్టి తీపి కూడా పాలు లేనిదే పెట్టాలి. సంప్రదాయ సినగాగుల్లో ఆడవాళ్ళు విడిగా కూర్చుంటారు, చాలాచోట్ల పై గ్యాలరీలో. దర్శకుడు దీన్ని వదులుకోకూడదు. రీటాని పైన కూర్చోబెడితే కొడుకు కింద తలుపు దాటడం ఆమెకు కనబడుతుంది, కానీ వెళ్ళి చెయ్యి పట్టుకోలేదు. పక్కన కూర్చోబెట్టారంటే ఆ సన్నివేశం చచ్చిపోయినట్టే. చదివేటప్పుడు వేలితో చుట్టను తాకరు, 'యాద్' అనే చిన్న కడ్డీతో వరస చూపిస్తారు. ఆ కడ్డీ ఖాళీగా, పట్టుకునే చెయ్యి లేకుండా మిగలడం ఎంత డైలాగు రాసినా రాని దృశ్యం.

పాటల్లో 'ద హెరాల్డ్స్ ఆఫ్ దిస్ వరల్డ్' అన్నిటికంటే మేలు. అందరూ చులకన చేసే ఆ మెత్తటి అబ్బాయి మీద అక్కడ గౌరవం పుడుతుంది. సంబరాల మీద 'సిమ్‌కాస్' హుషారుగానే ఉంటుంది గానీ అది లేకపోయినా కథకు లోటు లేదు.

ఆట స్థలంలో ఎలియట్ తలకిందులుగా నిలబడి తన భాగమంతా అక్కకు అప్పజెప్పే ఘట్టం అసలు పరీక్ష. కుర్రాడికి హీబ్రూ వరస నిజంగా కంఠతా రావాలి, తడబడితే వాడు రాక పారిపోయాడనుకుంటారు. వాడికి అంతా వచ్చు, అదే ఇక్కడ విషయం. దేవుడు విన్నాడు కాబట్టి బార్ మిట్స్వా అయిపోయినట్టేనని యూదు మతగురువు రబ్బీ తేల్చే మాట దాని మీదే నిలబడుతుంది.

ముందు బీబీసీ నాటకం చూసి, తర్వాత 1978 నాటి పాటల రికార్డు వినండి. ప్రదర్శనకు వెళ్తే ముందు మూడు వరసల్లోనే టికెట్ తీసుకోండి.